తొమ్మిదో దొప్ప

బొంబాయిలో ఒక గుర్రానికి మా తాత పేరు ఉందని మా ఊరి హన్మంతు చెప్పినప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. హన్మంతు తాపీ పనికి బొంబాయి పోయి ఏడాదికోసారి ఊరికి వచ్చే మనిషి. వచ్చినప్పుడల్లా ఏదో ఒక వింత మోసుకొస్తాడు. కానీ పక్కనే బియ్యం చెరుగుతున్న మా అమ్మ చేట ఆపేసింది.

"ఏం పేరన్నవ్?" అని అడిగింది.

"ఆశప్ప, పెద్దమ్మా. నేనుండే కామాటిపుర చాల్‌ల అన్ని ఇండ్లకు ఒకటే వాకిలి. ఆడ పెత్రమాస నాడు గుర్రాల పేర్లు పిలుస్తరు. లడాయికి పోయి తిరిగి రాని గుర్రాలు. ఆఖరి పేరు ఆశప్ప."

ఆశప్ప మా అమ్మకు తండ్రి. మొదటి పెద్ద యుద్ధానికి సైసుగా, అంటే గుర్రాలకు మేత వేసి మాలిష్ చేసే పనివాడుగా, బొంబాయిలో ఓడెక్కాడు. అప్పటికి మా అమ్మ పుట్టలేదు. పుట్టాక, బిడ్డకు చంద్రమ్మ అని పేరు పెట్టామని మా అమ్మమ్మ పట్వారీ చేత కార్డు రాయించింది. అది అందిందో లేదో తెలియదు. జవాబు రాలేదు. ఆయన పోయాడన్న కబురు కూడా రాలేదు. అమ్మమ్మ కన్నుమూసే దాకా గాజులు తీయలేదు. మా అమ్మ ఏటా పెత్రమాసకు, పోయినవాళ్ళ పేరు చెప్పి బియ్యం ఇచ్చే ఆ అమావాస్యకు, అందరి పేర్లూ చెప్పి తండ్రి పేరు దగ్గర ఆగిపోతుంది. బతికున్న మనిషి పేరు ఆ వరుసలో చెప్పకూడదు. పోయిన మనిషి పేరు చెప్పకుండా వదలకూడదు. ఏది చెయ్యాలో తెలియకుండానే ఆమెకు అరవై ఏడేళ్ళు నిండాయి.

"గుర్రానికి మా నాయన పేరు పెట్టినోడు మా నాయనను ఎరిగినోడే గద," అంది. "పోయి అడుగు కొడుకా. ఉన్నడా, పోయిండా. గంతే."

నేను బస్టాండులో కంట్రోలరుని. ఎన్ని గంటలకు ఏ బస్సు వచ్చింది, ఎన్ని నిమిషాలు ఆలస్యం, ఇదే నా బతుకు. వారం రోజులు సెలవు పెట్టి, హన్మంతు తిరుగు ప్రయాణానికే తోడు కలిశాను. పెత్రమాస ముందు రోజు పొద్దున పదకొండు పదికి రావలసిన రాయచూరు బస్సు పదకొండూ నలభై ఐదుకు వచ్చింది. డ్రైవరు నన్ను గుర్తుపట్టి సలాం పెట్టాడు గానీ నాకు ఒళ్ళు మండిపోయింది.

బయల్దేరే ముందు అమ్మ రెండు మూటలు ఇచ్చింది. పెద్ద మూటలో నాకు జొన్నరొట్టెలు, పల్లికారం. చిన్నదాంట్లో రెండే రొట్టెలు.

"ఇవి నీకు గాదు. మా నాయనకు."

"ఉంటే తొంభై ఏళ్ళుంటయి. జొన్నరొట్టె ఎట్ల నములుతడమ్మా?"

"పాలల్ల నానబెట్టుకుంటడు. నీకెందుకు."

కృష్ణ వంతెన దాటుతుంటే ఏరు నిండుగా పారుతోంది. రాయచూరులో మెయిలు నాలుగింటికి. రెండో తరగతిలో కాలు పెట్టే సందు లేదు. సగం పెట్టె మా పాలమూరు వాళ్ళే. గంపలు, గునపాలు, మేకపిల్ల ఒకటి. మీలో ఎవరైనా ఈ బండికి పోదలచుకుంటే మంచినీళ్ళు రాయచూరులోనే పట్టుకోండి. వాడి జంక్షన్లో కుళాయి దగ్గర కొట్లాట జరుగుతుంది, ఆలోపల బండి కదులుతుంది.

గుల్బర్గాలో ఎక్కిన ఇస్త్రీ చొక్కా ఆయన ఎక్కడికని హిందీలో అడిగాడు. కామాటిపుర అన్నాను. ఆయన పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి నవ్వాడు. లేచి రెండు మాటలు అందామనుకున్నాను. హన్మంతు నా చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"నవ్వనీ సారూ. ఆ ఊరు కట్టింది మనోళ్ళు. రాళ్ళు మోసి సడకులేసి ఆడనే ఉండిపోయిండ్రు. పక్క గల్లీలల్ల జరిగే ఒళ్ళమ్ముకునే బేరమే లోకానికి ఎరుక. మనోళ్ళ చాల్ ఎవరికి ఎరుక?"

రొట్టెలు తినేటప్పుడు వాడే మళ్ళీ ఎత్తుకున్నాడు, గొంతు తగ్గించి. "రేపు మీరు చూస్తరు. తొమ్మిది దొప్పలల్ల ఉలవలు పెడతరు. విక్టోరియా బండి గుర్రాన్ని తోలుకొస్తరు. ఎనిమిది దొప్పలు తింటది. తొమ్మిదోది ముట్టదు."

"కడుపు నిండుతుందేమో."

"పోయినేడు అందుకే రెండు దినాలు కడుపు ఎండబెట్టి తోలుకొచ్చిండ్రు. ముట్టలే. అంతకు ముందేడు వేరే గుర్రం. అదీ ముట్టలే."

తొమ్మిదోది ఎవరి పేరని అడగబోయి మానుకున్నాను. వాడు ఊళ్ళోనే చెప్పాడు కదా.

పొద్దున ఏడూ ఇరవైకి దాదర్. ముప్పై ఐదు నిమిషాలు ఆలస్యం. వంతెన దాటి అవతలి వైపు లోకల్ ఎక్కాం. మిల్లుల సమ్మె మొదలై అప్పటికి ఏడాది దాటింది. దారిపొడుగునా పొగ లేని గొట్టాలు నిలబడి ఉన్నాయి. బొంబాయి సెంట్రల్‌లో దిగి, నాగ్‌పాడా వైపు పది నిమిషాల నడక. ఫోరస్ రోడ్డు మీద దుకాణాలు అప్పుడే తెరుస్తున్నారు. టీ అరవై పైసలు, చిన్న గ్లాసు. గల్లీ మలుపులో గుమ్మం మీద కూర్చుని ఒకామె తల దువ్వుకుంటోంది. మమ్మల్ని చూసి హన్మంతును తెలుగులో పలకరించింది, "ఇయాల్నే గదా గుర్రం?" అని. అవునన్నాడు. ఆమె దువ్వెన పక్కన పెట్టి దండం పెట్టుకుంది.

మూడంతస్తుల చాల్ అది. చెక్క మెట్లు. నడుమ వాకిలి, నాలుగు వైపులా ఇళ్ళు. ఎండ నడినెత్తికొస్తే తప్ప కిందికి దిగదు. మేం పోయేసరికి ఆడవాళ్ళు వాకిట్లో బట్టల తీగలన్నీ విప్పుతున్నారు. ఎందుకంటే, "గుర్రం తలకు తగులుతయి," అంది ఒకామె. ఆ తీగలు తీయడం ఏడాదిలో ఆ ఒక్క రోజేనట.

గుర్రాల పేర్లు పిలిచే ఇల్లు రెండో అంతస్తులో ఉంది. బాలమణి అనే యాభై ఏళ్ళ ఆమె నన్ను లోపలికి పిలిచింది. ఆస్పత్రిలో ఆయా పని చేస్తుంది. ఇంట్లో ఆమె మామ లింగన్న. ఎనభై ఐదు దాటిన మనిషి, గోడ వైపు తిరిగి నిద్రపోతున్నాడు. తలుపు వెనక మేకుకు ఒక కళ్ళెం వేలాడుతోంది. తోలు ఎండి పెళుసు బారింది గానీ ఇనుము మాత్రం తళతళలాడుతోంది.

"రోజూ తుడుస్తడా?" అన్నాను.

"మేం తుడువం. మామ లేవలేడు," అంది బాలమణి. "అట్లనే ఉంటది. ఖోలీ చిన్నది అన్నా, ఒక్కటే గది, జర సర్దుకోండ్రి."

నేను ఆ మేకు కింద కూర్చోకుండా కిటికీ దగ్గరికి జరిగాను. భయమని కాదు. సరే, భయమే.

ఆమె చెప్పింది ఇది. ఆ రోజుల్లో రేవులో గుర్రాల్ని ఓడలకెక్కించడానికి ఈ చాల్ నుంచి మనవాళ్ళు చాలామంది పోయారు. ఇసుక దేశంలో రౌతులు లడాయి చేస్తుంటే సైసులు వెనక ఉండి గుర్రాల్ని చూసుకున్నారు. రాత్రీ పగలూ గుర్రాల మధ్యనే పడుకునేవాళ్ళు. ఇల్లు గుర్తొచ్చి, ఇంటివాళ్ళ పేర్లే గుర్రాలకు పెట్టుకునేవాళ్ళు. లడాయి ముగిశాక మనుషులకు ఓడ వచ్చింది గానీ గుర్రాలకు రాలేదు. కొన్నిటిని అమ్మేశారు. ముసలివాటిని, కుంటివాటిని వరుసగా నిలబెట్టి కాల్చమన్నారు. ఎవరి గుర్రాన్ని వాళ్ళే పట్టుకోవాలి. లింగన్న ఈ చాల్‌కు తిరిగొచ్చి, మొదటి పెత్రమాసకే ఉలవలు నానబెట్టాడట.

"మనుషులకైతే కొడుకులుంటరు, బియ్యమిస్తరు. వాటికెవరున్నరు అనేది మామ."

"ఆశప్ప పేరు ఎవరు పెట్టారు?"

"తెల్వదన్నా. మామకు నోరు పడిపోయి ఏడేండ్లాయె. చేతులు ఆడతయి, మాట లేదు. అప్పటిసంది నేనే పిలుస్త. మామ వెనక నిలబడి విని విని పేర్లు నేర్చుకున్న."

ఇంత దూరం వచ్చింది మాట లేని మనిషి కోసమా. అమ్మకు ఏం చెప్పాలి? రాత్రంతా ఇరుకులో ముడుచుకు కూర్చుని, చిన్న మూట నలగకుండా ఒళ్ళో పెట్టుకొచ్చాను. ఉన్నాడా, పోయాడా అన్న ఒక్క మాట చెప్పగలిగినవాడు ఆ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మధ్యాహ్నం మూడున్నరకు లింగన్నను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కిందికి దించారు. చెక్క మెట్ల మీద వాళ్ళ అడుగులు టకటకమంటుంటే వాకిట్లో వాళ్ళందరూ తలలెత్తి చూశారు. తరువాత రేడియోలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరూ ఆపమని చెప్పలేదు. కుళాయి ఒక్కటే బొట్టు బొట్టుగా కారుతోంది.

తొమ్మిది మోదుగాకు దొప్పలు గోడ వెంట వరుసగా పెట్టారు. విక్టోరియా తోలే రహీం చాచా సన్నటి సందులోంచి గుర్రాన్ని నడిపించుకొచ్చాడు. బూడిద రంగుది, పక్కటెముకలు కనిపిస్తున్నాయి. వాకిలి మధ్య దాని కళ్ళ గంతలు తీశాడు. అది మమ్మల్నందరినీ ఒకసారి చూసింది.

బాలమణి తల మీద కొంగు కప్పుకుని పిలిచింది. "మోతీ. తిను." గుర్రం మొదటి దొప్పలో మూతి పెట్టింది. "సుల్తాను. తిను." రెండోది. "బిజిలీ." "రాములు." "నీలి." ప్రతి పేరుకూ ఒక్క దొప్ప. మనుషులు దండాలు పెడుతున్నారు.

"కాశి. తిను." "లచ్చుమమ్మ. తిను."

"చంద్రమ్మ. తిను."

అది మా అమ్మ పేరు. తెలుగునాట ఇంటికో చంద్రమ్మ ఉంటుంది, ఇందులో ఏముంది అని నాకు నేనే చెప్పుకున్నాను. గుర్రం ఆ దొప్పలో ఉలవలు తిని కదల్లేదు. ఖాళీ ఆకు మీద మూతి ఆనించి అట్లాగే నిలబడింది. రహీం చాచా రెండుసార్లు లాగాక కదిలింది.

"ఆశప్ప. తిను."

గుర్రం తొమ్మిదో దొప్ప వాసన చూసింది. చెవులు వెనక్కి వేసింది. తల పైకెత్తి ఒకడుగు వెనక్కి జరిగింది. చాచా తల నిమిరాడు, నాలుకతో చప్పుడు చేశాడు. రాలేదు. కుర్చీలో లింగన్న అరచేత్తో టపటపా కుర్చీ చేతిని కొట్టసాగాడు. నోరు తెరిచి ఏదో అనాలని పెనుగులాడుతున్నాడు.

"ఏటా ఇంతే," అంది బాలమణి కళ్ళొత్తుకుంటూ. "ఇది మామ గుర్రమే అయుంటది. దుఃఖం ఆపుకోలేడు."

నాకది దుఃఖంలా కనపడలేదు. రోజుకు నూరు బస్సులు చూసే మనిషిని. తప్పు బోర్డు పెట్టుకుని పోతున్న బస్సును చూసి నేనూ అట్లాగే బల్ల కొడతాను. కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆయన చెవిలో గట్టిగా చెప్పాను.

"పెద్దాయనా, నేను మక్తల్ దిక్కు నుంచొచ్చిన. ఆశప్ప మనుమణ్ణి. ఆయన బిడ్డ చంద్రమ్మ కొడుకును."

ఆయన చేతులు ఆగిపోయాయి. నా మణికట్టు పట్టుకున్నాడు. అంత ముసలి చేతికి అంత పట్టు ఎక్కడిదో. నా మొహం చాలాసేపు చూశాడు.

"ఆశప్ప మీ గుర్రమా?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు.

"మరి ఎవరి గుర్రం?"

ఆయన ఎడమ అరచేతిని కత్తిలా నిలబెట్టాడు. దాని మీద కుడిచేతి రెండు వేళ్ళు చెరోవైపు వేశాడు. గుర్రం మీద మనిషి. ఎడమ చేతిని ముందుకూ వెనక్కీ పరుగెత్తించాడు. తరువాత పైనున్న రెండు వేళ్ళను ఎత్తి, తొమ్మిదో దొప్ప వైపు చూపించాడు.

బాలమణి దగ్గరికొచ్చి వంగింది.

"గుర్రం గాదా?" అంది బాలమణి. "మనిషా?"

లింగన్న తల నిలువుగా ఊపాడు. పదే పదే ఊపాడు. సైసుగా పోయిన మా తాత, రౌతులు తక్కువపడిన ఏ రోజునో తానే గుర్రమెక్కాడు.

"ఉన్నడా?" అని అడిగాను. "పోయిండా?"

రెండు వేళ్ళు గుర్రం మీంచి జారి ఒళ్ళో వెల్లకిలా పడ్డాయి. ఎడమ అరచెయ్యి మాత్రం పడలేదు. ముందుకు పోయి, ఆగి, వెనక్కి తిరిగొచ్చి, ఆ వేళ్ళ పక్కన నిలబడింది. చాలాసేపు అట్లాగే నిలబెట్టాడు. తరువాత కుడిచెయ్యి ఎత్తి తుపాకీ పేల్చినట్టు చూపి, మళ్ళీ ఒళ్ళో వెల్లకిలా పెట్టాడు. అప్పుడు ఎడమ అరచెయ్యి కూడా వేళ్ళ పక్కన ఒరిగింది.

ఆ చేతినే మళ్ళీ ఎత్తి, నేను అడగకుండానే, ఎనిమిదో దొప్ప వైపు చూపించాడు. గుర్రం కదలకుండా నిలబడ్డ దొప్ప. చంద్రమ్మ.

కార్డు అందింది. మా అమ్మమ్మ రాయించిన కార్డు అంత దూరం సముద్రం దాటి అందింది. బిడ్డ పేరు తెలిసి, ఆ పేరే తన ఆడగుర్రానికి పెట్టుకున్నాడు. అంతమందిలో ఏడవడానికి నాకేం సిగ్గనిపించలేదు.

బాలమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మామ చేసే రోజులల్ల ఆ ఆఖరి దొప్ప మీద బట్ట కప్పేటోడు. లోపల ఏమున్నదో మేం చూడలె. అన్నం పెట్టిండేమో. నేను ఏడేండ్లు మనిషికి ఉలవలు పెట్టిన." ఆమె నేల మీద కూర్చుండిపోయింది. "గుర్రానికి ఎరుకైంది. నాకు ఎరుక గాలె."

ఉలవల దొప్ప తీసేశాను. వేరే దొప్ప తెప్పించి, సంచిలోంచి చిన్న మూట విప్పి, అమ్మ ఇచ్చిన రెండు రొట్టెలు పెట్టాను. "పాలు కావాలి," అన్నాను. కింది ఇంటివాళ్ళు చాయ్‌కి పెట్టుకున్న పాలు ఇచ్చారు. రొట్టెల మీద పోశాను.

పిలవవలసింది నేనే. ఎట్లా పిలవాలో తెలియలేదు. చివరికి, "రౌతు ఆశప్ప. తాతా, నీ బిడ్డ పంపింది, తిను," అన్నాను.

అప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. గుర్రం నడిచొచ్చి దొప్ప పక్కన అడ్డంగా నిలబడింది, రౌతులు ఎక్కే ఎడమ పక్క మా వైపు పెట్టి. నాలుగు కాళ్ళూ కొంచెం ఎడం చేసింది. దాని వీపు ఒక్కసారి కుంగింది. మళ్ళీ లేచి కుదురుకుంది. తల ఎత్తి మెడ వంచింది. ఎవరూ కళ్ళెం పట్టుకుని లేరు. రహీం చాచా అప్పటికే చేతులు వదిలేశాడు.

నేను లింగన్న వైపు చూశాను. ఆయన నన్ను గానీ గుర్రాన్ని గానీ చూడటం లేదు. గుర్రం వీపుకు మూడు జానల పైన, మనిషి మొహం ఉండేంత ఎత్తున చూస్తున్నాడు. కుడిచెయ్యి నుదుటి దాకా లేపి సలాం పెట్టాడు. నేనూ అక్కడ చూశాను. ఎదురింటి పచ్చ రంగు గోడ, విప్పిన తీగల మేకులు, అంతే.

గుర్రం తనంతట తానే సందులోంచి బయటికి నడిచింది. వచ్చేటప్పుడు కాళ్ళీడ్చింది. పోయేటప్పుడు డెక్కలు ఒక లెక్కగా పడ్డాయి. ఫోరస్ రోడ్డు మీద చాచా దాన్ని అందుకున్నాడు. తిరిగొచ్చి నాతో హిందీలో అన్నాడు, "యే గాడీకా ఘోడా హై సాబ్." బండికి కట్టిన గుర్రమే తప్ప దాని వీపు మీద ఇంతవరకూ మనిషన్నవాడు ఎక్కలేదట. మళ్ళీ పెత్రమాసకు ఇదే గుర్రాన్ని తెస్తావా అని బాలమణి అడిగితే చాచా గంతలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

ఆ రాత్రి వాళ్ళ వరండాలోనే పడుకున్నాను. పొద్దున లింగన్న కాళ్ళకు మొక్కి బయల్దేరబోతుంటే మేకు మీది కళ్ళెం చూపించి తీసుకుపొమ్మన్నాడు. వద్దన్నాను. మా ఇంట్లో దాన్ని చూసుకునేవాళ్ళు లేరని చెప్పాను. అసలు సంగతి అది కాదని ఆయనకూ తెలుసు. మాట లేకపోయినా నవ్వాడు.

దాదర్ నుంచి తిరుగు బండి మధ్యాహ్నం రెండుకు, పది నిమిషాల ముందే ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. కామాటిపుర పోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. ఇస్త్రీ చొక్కాల వాళ్ళ మాట వినకండి. అక్కడ మన భాష మాట్లాడే మనుషులు, కొడుకుల్లేని గుర్రాలకు కూడా ఏటా గుర్తుపెట్టుకుని అన్నం పెడుతున్నారు. పెత్రమాస నాడు పోతే మాత్రం గోడకు ఆనుకుని నిలబడండి. వాకిలి మధ్యలో దారి వదలండి.

తెల్లవారి రాయచూరు, అక్కడి నుంచి ఏడు గంటల బస్సు. మా ఊరి బస్టాండులో అమ్మ నా కుర్చీలోనే కూర్చుని ఉంది. బస్సు పన్నెండు నిమిషాలు ఆలస్యం. నాకు కోపం రాలేదు. అమ్మ సంచి అందుకుని చిన్న మూట కోసం వెతికింది. అది లేదని చూసి, నా మొహం చూసి, ఆమెకు అర్థమైంది.

"ఒంటిగ పోయిండా?" అంది.

"లేదమ్మా. నువ్వున్నవ్ పక్కన," అన్నాను. కార్డు సంగతి, గుర్రం సంగతి, రెండు వేళ్ళ పక్కన నిలబడ్డ అరచెయ్యి సంగతి, నడుస్తూ అంతా చెప్పాను.

ఇల్లు చేరాక అమ్మ కాళ్ళు కూడా కడుక్కోలేదు. తిన్నగా వంటింట్లోకి పోయి, ఉలవల డబ్బా తీసి, గిన్నెలో పోసి నీళ్ళు పట్టి నానబెట్టింది.